తొలిసారి చూసిన సినిమాలకు వరుస కట్టడం ఎలా

ఆ ఏడాది తొలిసారి చూసిన పాత, కొత్త సినిమాల్లో నచ్చినవాటికి వరుస కట్టి ఏడాది చివర జాబితా రాయదలచినవారు జనవరి నుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, చూసిన తేదీ, మనసులో నిలిచిన ఒక్క దృశ్యం అందులో రాసుకోవాలి. మార్కులు మాత్రం చూసిన రాత్రే వేయకూడదు.

ముందుగా అర్హత తేల్చుకోవాలి. చిన్నప్పుడు దూరదర్శన్‌లో సగం చూసి నిద్రపోయిన సినిమాను తొలిసారి చూసినట్టే లెక్కించవచ్చు. కానీ 1957 నాటి ‘మాయాబజార్’ను నలుపు తెలుపుల్లో ఎరిగినవారు, 2010లో వచ్చిన రంగుల ప్రతిని కొత్తగా చూసినట్టు రాసుకోవడం, నా దృష్టిలో, తొండాటే.

రెండు నెలలు ఆగి, పుస్తకం తెరవకుండానే ఏ దృశ్యం గుర్తుందో చూసుకోవాలి. 1951లో బి.ఎన్.రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’లో, వాన కురిసిన రాత్రి మారువేషంలో ఉన్న రాయలవారిని తన ప్రియురాలు మల్లికి పల్లకీ పంపమని నాగరాజు వేళాకోళంగా అడుగుతాడు. చూస్తున్నప్పుడు నవ్వొచ్చే ఆ మాటే, ఆ పల్లకీ నిజంగా వచ్చి ఇద్దరినీ విడదీశాక, రోజులు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. అలా పెరిగే సినిమాను పైకి జరపాలి.

తరువాత రెండేసి సినిమాలను పక్కపక్కన పెట్టి, రేపు మళ్లీ చూడవలసివస్తే దేన్ని ఎంచుకుంటామో అడుగుకుంటూ పోతే వరుస దానంతటదే తేలుతుంది. డిసెంబరులో చూసినవి తాజాదనం వల్ల పైకి ఎగబాకుతాయి కనుక, వాటిని ఒక మెట్టు దించి చూడటం మంచిది. అయిదో స్థానం దాటాక తగవులాడుకోనక్కరలేదు.