పిల్లి బొచ్చు విపరీతంగా రాలుతోందా? చీపురు పట్టే ముందు పిల్లిని చూడండి

మా మల్లి తెల్లటి పర్షియన్ పిల్లి, అమ్మేవాళ్ళు డాల్ ఫేస్ అనే రకం. మా ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. మొదటి ఏడాది ఇంట్లో బొచ్చు లేని చోటంటూ లేదు. దిండు గలీబులు, నల్ల ప్యాంట్లు, పూజ గది గడప, చివరికి తోడుపెట్టిన పెరుగు మీద కూడా. ఒక రోజు అత్తయ్య గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "ఇది ఎలా తినమంటావమ్మా?" అని అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. పిల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట కూడా ఆ వారమే వచ్చింది. ఇంట్లో పెరిగిన పిల్లులు బొచ్చు గొడవతో వీధిన పడటం నేను చూశాను. బయట అవి బతకలేవు. మీ ఇంట్లో ఆ మాట రాకముందే ఇది చదవండి.

మేం ఆ ఏడాదంతా చేసిన పొరపాటు ఒక్కటే, రాలిన బొచ్చు వెంట పరిగెత్తడం. చూడాల్సింది ఒంటి మీద ఎక్కడ నుంచి రాలుతోందన్నది.

ముందు ఈ పరీక్ష చేయండి

వెలుతురు బాగా ఉన్నచోట పిల్లిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో బొచ్చు విడదీసి చర్మం చూడండి. వీపు, తోక మొదలు, పొట్ట, వెనక తొడల లోపలి వైపు, చెవుల వెనక, గడ్డం కింద. ఒళ్ళంతా ఒకే తీరుగా పలచబడి, చర్మం శుభ్రంగా, లేత రంగులో ఉంటే అది మామూలు రాలడమే. ఒకే చోట ఖాళీ అయినా, ఎర్రగా ఉన్నా, పొట్టు లేస్తున్నా, నల్ల రవ్వలు కనిపించినా అందులో వేరే కారణం ఉంది. దాన్ని కింద వెతుక్కోండి.

లక్షణం: ఇల్లంతా బొచ్చు, పిల్లి మాత్రం హుషారుగా ఉంది

కారణం: పిల్లి బొచ్చు రాలడం ఎండ వేడి కంటే పగటి వెలుతురు మీద ఎక్కువ ఆధారపడుతుంది. పగటి పొడవు బాగా మారే చలి దేశాల్లో వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఎక్కువగా రాలుతుంది. మన హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13 గంటలు, అంతే తేడా. దానికి తోడు రాత్రి పదకొండింటి దాకా ట్యూబులైట్లు. అందుకే ఇంట్లోనే ఉండే పిల్లికి ఏడాది పొడుగునా ఎంతో కొంత రాలుతూనే ఉంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, మల్లి లోపలి నూగు కూడా సరిగ్గా అప్పటి నుంచే కుచ్చులు కుచ్చులుగా ఊడటం మొదలవుతుంది. ఈనిన పిల్లికి కొన్ని వారాల తర్వాత బాగా రాలడం కూడా మామూలే. మళ్ళీ వస్తుంది.

పరిష్కారం: దువ్వడం. ఇంతకంటే మంచి మందు లేదు. ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుక ఇవాళ దువ్వెనకు రాకపోతే రేపు సోఫాకు వస్తుంది, లేదంటే పిల్లి కడుపులోకి పోతుంది.

పొడుగు బొచ్చు పిల్లికి రోజూ పది నిమిషాలు, పొట్టి బొచ్చు నాటు పిల్లికి వారానికి రెండు మూడు సార్లు చాలు. వెడల్పు పళ్ళ స్టీలు దువ్వెనతో మొదలుపెట్టి, చిక్కు లేదని తేలాక సన్న పళ్ళది వాడండి. నూగును లాగే పళ్ళ బ్రష్షు మాత్రం వారానికి ఒకసారికి మించి వద్దు, మంచి బొచ్చు కూడా తెగుతుంది, చర్మం గీసుకుంటుంది. తిండి తిని మగతగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. తల, బుగ్గలు, వీపు ముందు, పొట్ట చివర. తోక విసరడం మొదలైందంటే ఆ రోజుకి ఆపేయండి. పట్టుకుని బలవంతంగా దువ్వితే మర్నాటి నుంచి దువ్వెన కనబడగానే మంచం కిందికి పోతుంది. మల్లి అలా దాక్కుంటే తిరిగి మచ్చిక చేసుకోవడానికి నాకు నెల పట్టింది.

దువ్వేటప్పుడు ఫ్యాను ఆపండి. బాత్రూంలోనో, నెట్ కట్టిన బాల్కనీలోనో కూర్చోండి. చివర్లో తడి చేత్తో తల నుంచి తోక దాకా రెండుసార్లు నిమిరితే మిగిలిన వదులు బొచ్చంతా చేతికి అంటుకుంటుంది.

చంకల్లో, చెవుల వెనక బొచ్చు జడలు కడితే కత్తెర పెట్టకండి. పిల్లి చర్మం పలచన, జడతో పాటు పైకి లేచి వస్తుంది. వెంట్రుక అనుకుని చర్మం కత్తిరించేస్తారు. వేళ్ళతో కొంచెం కొంచెంగా విడదీయండి. రాకపోతే ట్రిమ్మరు వాడటం తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

"ఎండాకాలం కదా, గుండు చేయిస్తే?"

మేమూ ఒక వేసవిలో చేయించాం. మళ్ళీ చేయించను. పైబొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది, తెల్ల పిల్లి చర్మం ఎండకు తొందరగా కందిపోతుంది. పైగా రాలడం ఆగదు, పొడుగు వెంట్రుకల బదులు సూదుల్లాంటి పొట్టి వెంట్రుకలు దుప్పట్లలో గుచ్చుకుంటాయి. అవి ఏరడం ఇంకా కష్టం. విడదీయలేనంతగా జడలు కడితేనో, డాక్టరు చెబితేనో చేయించాలి.

లక్షణం: తోక మొదట్లో, నడుం మీద పలచబడింది, తెగ గోక్కుంటోంది

కారణం: ఫ్లీస్, అంటే బొచ్చులో పరుగెత్తి గెంతే చిన్న గోధుమరంగు పురుగులు. పురుగు కనబడకపోవచ్చు, ఎందుకంటే పిల్లి నాకి మింగేస్తుంది. పురుగు లాలాజలం పడని పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలు. తడిపిన తెల్ల కాగితం మీద దువ్వెన దులపండి. నల్ల రవ్వల చుట్టూ ఎర్రటి జీర దిగితే అది పురుగు విసర్జించిన రక్తం. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఆ పురుగూ ఫ్లీస్ ద్వారానే వస్తుంది.

పరిష్కారం: పిల్లి బరువు చూసి డాక్టరు ఇచ్చే, మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు. ఒకసారి వేసి మానేస్తే లాభం లేదు. గుడ్లూ పిల్ల పురుగులూ పరుపుల్లో, తివాచీలో, మూలల్లో ఉంటాయి కాబట్టి కనీసం మూడు నెలలు నెలనెలా వేయాలి. ఇంట్లో కుక్క ఉంటే దానికీ వైద్యం చేయించాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కుక్కల కోసం అమ్మే చుక్కల మందు పిల్లికి వేయకండి. వాటిలో కొన్నిట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పడితే పిల్లికి వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. కౌంటరు దగ్గర ఎవరైనా "రెండింటికీ ఒకటే" అన్నా నమ్మొద్దు, డబ్బా మీద పిల్లికి అని రాసి ఉండాలి. టీ ట్రీ ఆయిల్ లాంటి ఘాటు నూనెలూ పూయకండి. వాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ.

లక్షణం: గుండ్రటి ఖాళీలు, అంచున పొట్టు

కారణం: తామర. ఇది శిలీంధ్రం. పర్షియన్లలో ఎక్కువగా కనిపిస్తుంది, కొన్ని పిల్లులు మచ్చ లేకుండానే మోస్తుంటాయి. మనుషులకూ అంటుకుంటుంది. పిల్లల చేతుల మీద ఎర్రటి దురద చుట్టలు కనిపిస్తే పిల్లికీ పరీక్ష చేయించండి.

పరిష్కారం: మనుషులకు వాడే, స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు పూయకండి. పైకి తగ్గినట్టుండి లోపల పాకుతుంది, పిల్లి దాన్ని నాకుతుంది కూడా. డాక్టరు వెంట్రుకలు తీసి పరీక్షించి లోపలికి మందు, పైన పూతో స్నానమో చెబుతారు. వారాలు పడుతుంది. రాలిన వెంట్రుకల్లో ఈ శిలీంధ్రపు బీజాలు నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో ఒక్క గదిలోనే పిల్లిని ఉంచి, ఆ గదిని రోజూ తుడవండి.

లక్షణం: పొట్ట, తొడల లోపల నున్నగా అయింది

నిమిరితే గడ్డం గీసినట్టు గరుగ్గా తగిలిందంటే వెంట్రుక రాలలేదు, పిల్లే నాకి తెంపేసుకుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, పసిబిడ్డ రావడం, ఎప్పుడూ ఇంట్లో ఉండే మనిషి ఊరెళ్ళడం లాంటివి పిల్లికి టెన్షన్. కానీ టెన్షనే అని మనకు మనం తేల్చేసుకోకూడదు. దురద, మూత్రాశయం నొప్పి కూడా ఇలాగే కనిపిస్తాయి. ముందు డాక్టరు, ఆ తర్వాత ఆటలు, ఎక్కడానికి ఎత్తైన చోటు, దాక్కోవడానికి అట్టపెట్టె. మగపిల్లి మాటిమాటికీ ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతోంది, మూత్రం రావట్లేదంటే తెల్లారేదాకా ఆగొద్దు. అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

లక్షణం: బొచ్చు కళ తప్పింది, చుండ్రులా పొట్టు

కారణం చాలాసార్లు గిన్నెలోనే ఉంటుంది. పాలన్నం, పెరుగన్నం మీద పెంచితే ఇలాగే అవుతుంది. వెంట్రుక దాదాపు అంతా ప్రోటీనే, మాంసం లేకుండా పిల్లి ఒంటికి ఆ ప్రోటీన్ సరిపడా అందదు. టారిన్ అనే పదార్థం అందకపోతే గుండె, కళ్ళు కూడా దెబ్బతింటాయి. మాది మాంసం వండని ఇల్లు. అత్తయ్యకు ఇది ఒప్పుకోవడం కష్టమైంది, నాకూ సులువేం కాలేదు. కానీ పిల్లి ఒళ్ళు అలా పుట్టింది. వంటింట్లోకి రాకుండా, పిల్లుల కోసమే తయారైన పొడి మేత, తడి మేత వాడుతున్నాం. ఉట్టి ఉడికించిన చికెన్ కూడా పూర్తి ఆహారం కాదు, కాల్షియం చాలదు. పాత తిండిలో కొత్తది కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. బొచ్చులో తేడా తెలియడానికి రెండు నెలలు పడుతుంది. పెద్ద పిల్లులకు పాలు అరగక విరేచనాలు కావడం మామూలే, మంచినీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టండి.

వీపు మీద మాత్రమే పొట్టు, జిడ్డు ఉంటే పిల్లి లావెక్కిందా, కీళ్ళు నొప్పిగా ఉన్నాయా చూడండి. మెడ తిప్పి నాకలేకపోతోంది. పదేళ్ళు దాటిన పిల్లి ఎక్కువ తింటూ కూడా చిక్కిపోతుంటే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి.

లక్షణం: వెంట్రుకల ఉండలు కక్కుతోంది

పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలికి వంగి ఉంటాయి, నాలుకకు అంటిన వెంట్రుకను ఉమ్మలేదు, మింగాల్సిందే. పొడుగు బొచ్చు పిల్లి అప్పుడప్పుడూ కక్కితే భయం లేదు, దువ్వడం పెంచండి, తడి మేత పెంచండి, డాక్టరును అడిగి, మింగిన వెంట్రుకలు జారిపోయేందుకు ఇచ్చే మాల్ట్ పేస్టు పెట్టండి. ఆముదం మాత్రం పోయకండి. నూనె ఏదైనా నోట్లో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏమీ రాకుండా పదేపదే డోకుతున్నా, ఒక రోజంతా తినకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మెడ చాచి, నేలకు వంగి దగ్గుతున్నట్టుంటే వీడియో తీసి చూపించండి, అది ఉబ్బసం కావచ్చు.

ఇక ఇల్లు

పొడి చీపురుతో ఊడిస్తే బొచ్చు పైకి లేచి, మనం కూర్చోగానే మళ్ళీ దిగుతుంది. ఫ్యాను ఆపి పది నిమిషాలాగి, వాక్యూమ్ గానీ కాస్త తడి చేసిన చీపురు గానీ వాడి, తర్వాత తడిగుడ్డ పెట్టండి. నీళ్ళలో ఫినాయిలు, డెట్టాలు వద్దు, పాదాలకు అంటినదాన్ని పిల్లి నాకుతుంది. సోఫాకు తడిపిన రబ్బరు గ్లవ్ తొడుక్కుని ఒకే వైపు లాగితే బొచ్చు చాపలా చుట్టుకొస్తుంది. వెల్వెట్ కవర్లు మేం తీసేశాం. బట్టలు పొడిగా ఉన్నప్పుడే దులిపి మెషీన్లో వేయండి, తడిశాక అంటుకుపోతుంది. మెషీన్ ఫిల్టరు ప్రతిసారీ, ఏసీ ఫిల్టరు రెండు వారాలకోసారి. కూలరు గడ్డి మీద పేరుకున్న బొచ్చు తీయకపోతే గాలే రాదు.

పెరుగు సంగతి: గిన్నె మీద చిల్లుల పళ్ళెం తీసేసి గట్టి మూత పెట్టాం, వంటగదికి జాలీ తలుపు బిగించాం. అంతే.

ఇంట్లో ఎవరికైనా తుమ్ములు వస్తుంటే తప్పు వెంట్రుకది ఒక్కదానిదే కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మపు జిడ్డులో ఉండే ఒక ప్రోటీన్ పడకపోవడం వల్ల వస్తుంది, వెంట్రుక దాన్ని మోసుకు తిరుగుతుంది. పడకగదిలోకి పిల్లిని రానివ్వకండి, దువ్వే పని పడనివాళ్ళు చేయకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు టాక్సోప్లాస్మా (కడుపులో బిడ్డకు హాని చేయగల క్రిమి) భయం చెబుతుంటారు. అది బొచ్చు నుంచి రాదు, మలం నుంచి వస్తుంది, సరిగ్గా ఉడకని మాంసం నుంచి కూడా వస్తుంది. మలంలో బయటికొచ్చిన క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఇసుక పెట్టెను ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే చాలు. మా ఆడపడుచు పురిటికి వచ్చి నాలుగు నెలలు మాతోనే ఉంది. ఆ పని మా ఆయన చేశారు. మల్లి ఎక్కడికీ పోలేదు.