పై అంతస్తుల్లో పడే చోట్లు పట్టుకోవడం ఎలా?

అపార్ట్‌మెంటు సైటులో పడిపోయే ప్రమాదం ఎక్కడుందని కొత్త సూపర్‌వైజర్‌ను అడిగితే టెర్రస్ అంచు చూపిస్తాడు. అక్కడ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే పని చేస్తారు. నేను వెతికేది మనిషి కిందికి చూడకుండా నడిచే చోట్లు.

ఉదయం పని మొదలుకాక ముందే పై అంతస్తుకు ఎక్కి, చూసుకుంటూ దిగండి. ముందు స్లాబులో వదిలిన ఖాళీలు: లిఫ్టు గుంత, పైపుల డక్టు, మెట్ల దారి. డక్టు మీద ప్లైవుడ్ ముక్క కప్పి ఉంటే సరేననుకుని వెళ్లిపోకండి. కాలితో దాని అంచును నెట్టి చూడండి. జరిగితే అది మూతే కాదు. సెంట్రింగ్ (స్లాబు పోయడానికి చెక్కల అచ్చు కట్టే పని) కుర్రాడికి సరిగ్గా ఆ ముక్కే కావాల్సి వస్తుంది. రెండు చేతులతో పైకెత్తి ఛాతీకి అడ్డంగా పట్టుకుని ఒక అడుగు ముందుకు వేస్తాడు. చేతిలోని చెక్కే అడ్డం కాబట్టి గుంత కనిపించదు. అందుకే మూత అడుగున, ఖాళీలోకి దిగేలా చెక్క బద్దలను మేకులతో బిగించండి. పైన ఎర్ర రంగుతో ‘కింద గుంత’ అని తెలుగులో, హిందీలో రాయించండి. చదవలేనివాళ్ల కోసం బొమ్మ గీయించినా తప్పులేదు.

తర్వాత అంచుల రెయిలింగ్. పై కమ్మీ సుమారు మీటరు ఎత్తున, మధ్యలో ఇంకొకటి ఉండాలి. ఇటుకలు దించుకోవడానికి విప్పినది తిరిగి బిగించాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. భోజనాల తర్వాత మరోసారి చుట్టి రావడం ఇందుకే.

సరుగుడు కర్రల పరంజా దగ్గర పైకి చూసే ముందు కాళ్లు చూడండి. ఇటుక ముక్కల మీద నిలబెట్టారా? రాత్రి వాన పడితే నేల కుంగిందా? పలక చివర ఆధారం దాటి బాగా బయటికి పొడుచుకు వస్తే, దానిపై కాలు పెట్టగానే రెండో కొస లేస్తుంది. నిచ్చెన నాలుగు మీటర్ల ఎత్తుకు ఆనితే అడుగు గోడకు మీటరు దూరంలో ఉండాలి, పై కొస దిగే చోటుకు మీటరు పైకి రావాలి.

‘బెల్టు వేసుకున్నాడు కదండీ’ అని మేస్త్రీ అంటాడు. కొక్కెం ఎక్కడ తగిలించాడో అడగండి. తాడు 1.8 మీటర్లు, షాక్ అబ్సార్బర్ (పడేటప్పుడు సాగి కుదుపు తగ్గించే పట్టీ) సాగేది దాదాపు 1.75, బెల్టు రింగు నుంచి పాదాల దాకా ఒకటిన్నర, పైగా ఒక మీటరు జాగా. కొక్కెం నుంచి నేలకు మొత్తం ఆరు మీటర్లకు పైనే కావాలి. మొదటి అంతస్తు స్లాబు నేలకు మూడు మీటర్లే. అక్కడ పాదాల దగ్గర తగిలించిన కొక్కెం ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు. అలాంటి చోట బెల్టును నమ్మకుండా రెయిలింగే కట్టించండి.

చివరగా సిమెంటు గోదాము పైకప్పు. ఎత్తు తక్కువని ఎవరూ పట్టించుకోరు గానీ సిమెంటు రేకు మనిషి బరువుకు పగులుతుంది. పైకి ఎక్కక తప్పకపోతే దూలం నుంచి దూలానికి పలకలు పరిపించి, వాటి మీదే నడవమనండి.