ఫైఫ్ తీరంలో ఒక రోజు: ఆటుపోట్లు చూసుకుని ఎలా తిరగాలి?

స్కాట్లాండ్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ల ఇళ్లకు వేసవిలో ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తారు. ఎడిన్‌బరో కోట చూపించడం అయిపోయాక, మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ "ఇవాళ ఎక్కడికి?" అంటారు. అలాంటప్పుడు నేను తీసుకెళ్లేది ఎడిన్‌బరోకి ఉత్తరాన, నీళ్లకి అవతల ఉన్న ఫైఫ్ ప్రాంతం తూర్పు కొసకి. దాన్ని ఈస్ట్ న్యూక్ అంటారు. స్కాట్స్ మాటలో న్యూక్ అంటే మూల. ఈలీ, సెయింట్ మోనన్స్, పిటెన్‌వీమ్, ఆన్‌స్ట్రథర్, క్రెయిల్ అని ఐదు చేపల రేవులు వరసగా ఉంటాయి, వాటికి పైన సెయింట్ ఆండ్రూస్.

మొదటిసారి మా మావయ్యని తీసుకెళ్లి భంగపడ్డాను. ఆయన విశాఖలో బీచ్ పక్కనే పెరిగిన మనిషి. ఈలీ దగ్గర రాళ్ల మీదుగా నడిచే దారి ఉందని విని మధ్యాహ్నం రెండింటికి అక్కడికి చేరాం. దారి లేదు. దారి ఉండాల్సిన చోట నీళ్లు కొండని కొడుతున్నాయి. "పొద్దున్న ఫొటోలో ఇక్కడ రాళ్లున్నాయి కదరా" అని ఆయన ఫోన్ తీసి మళ్లీ మళ్లీ చూశారు. విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో అది ఐదు మీటర్ల దాకా ఉంటుంది, అంటే ఒకటిన్నర అంతస్తు నీరు. అందుకే ఈ తీరానికి వచ్చేవాళ్లు ఏం చూడాలో రాసుకునే ముందు, ఏ గంటకి నీళ్లు ఎక్కడుంటాయో చూసుకోవాలి.

1. ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాతే మిగతావి

ఫోన్‌లో "ఆన్‌స్ట్రథర్ టైడ్ టైమ్స్" అని వెతికితే ఆ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు సమయాలతో వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, కాబట్టి శనివారం చూసిన సమయం ఆదివారానికి పనికిరాదు.

ఇక్కడ మన ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ పనికొస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్లు అన్నిటికంటే పెద్దవి. ఈ తీరంలో ఆ రోజుల్లో వేసవి గడియారం ప్రకారం బాగా లోతైన ఆటు ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య పడుతుంది. రాళ్ల మీద తిరగాలంటే ఆ రోజులే మంచివి. సప్తమి, అష్టమి ప్రాంతంలో నీళ్లు పెద్దగా వెనక్కి పోవు. తిథి చూసి రోజు ఎంచుకోండి, పట్టిక చూసి గంట ఖాయం చేసుకోండి. తిథి ఒక్కటే నమ్ముకుని మాత్రం రాళ్ల మీదకి వెళ్లకండి.

2. బయల్దేరడం

కారుంటే సరే. లేకపోయినా ఇబ్బంది లేదు. ఎడిన్‌బరో నుంచి లెవెన్‌కి 2024 జూన్ నుంచి మళ్లీ రైలు నడుస్తోంది. 1890లో కట్టిన ఫోర్త్ వంతెన మీదుగా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, సముద్రం అటే. లెవెన్‌లో దిగి 95 నంబరు బస్సు ఎక్కితే తీరం వెంట ఒక్కో రేవునీ తాకుతూ సెయింట్ ఆండ్రూస్ వెళ్తుంది. ఒక ఊళ్లో దిగి, కాసేపు తిరిగి, తర్వాతి బస్సు పట్టుకోవచ్చు. ఆదివారాలు బస్సులు తక్కువ.

జూన్‌లో అయినా గాలి ఆపే కోటు తప్పనిసరి. ఇక్కడ హార్ అనే సముద్రపు పొగమంచు ఉంది. ఎడిన్‌బరోలో ఎండ కాస్తుంటే ఇక్కడ పది గజాల దూరంలో మనిషి కనపడడు. వేసవిలోనే ఎక్కువ వస్తుంది. వచ్చిందంటే తిట్టుకోకుండా ఒక టీ తాగండి, తరచుగా మధ్యాహ్నానికి విడిపోతుంది.

3. ఆటు ఉన్నప్పుడు ఈలీ

పొద్దున్న ఆటు ఉంటే ముందు ఈలీలోనే దిగండి. ఊరికి పడమట కింక్రెయిగ్ కొండ కింద, రాళ్లకి బిగించిన ఇనుప గొలుసులు పట్టుకుని నడిచే దారి ఉంది, చెయిన్ వాక్ అంటారు. కొన్నిచోట్ల గొలుసు పట్టుకుని నిలువుగా దిగాలి, కొన్నిచోట్ల పక్కకి జరగాలి. నీళ్లు పూర్తిగా తగ్గడానికి ఒకటి రెండు గంటల ముందే, అవి ఇంకా వెనక్కి పోతుండగా మొదలుపెట్టాలి. నీళ్లు తిరిగి వస్తున్నప్పుడు దిగకూడదు. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు వద్దు, చెప్పులతో అసలే వద్దు. వాళ్లకి కొండ మీదుగా ఫైఫ్ కోస్టల్ పాత్ ఉంది. నిజానికి సముద్రం అక్కడినుంచే బాగా కనిపిస్తుంది.

రెండోసారి మావయ్యతో వెళ్లినప్పుడు ఆయన కొండ మీద, నేను కింద. మొదటి గొలుసు చల్లగా, తడిగా, నాచు జిగురుతో ఉంది. అరచేయి జారి, రెండు చేతులతో పట్టుకున్నాక గానీ కాలు కదల్లేదు. పైనుంచి ఆయన "ఎడమ కాలు! ఎడమ కాలు!" అని అరుస్తూనే ఉన్నారు. ఆయన ఎడమ నాకు కుడి అని ఇద్దరికీ తట్టలేదు.

ఊరికి తూర్పు వైపు లేడీస్ టవర్ ఉంది. 1770 ప్రాంతంలో లేడీ జానెట్ ఆన్‌స్ట్రథర్ అనే జమీందారిణి సముద్ర స్నానాలకి కట్టించుకున్న గది. ఆవిడ నీళ్లలో దిగే వేళ ఊళ్లో ఒక మనిషి గంట కొట్టుకుంటూ తిరిగి, అటువైపు ఎవరూ రావద్దని చాటేవాడట. దాని పక్కన రూబీ బే అనే చిన్న ఇసుక ఒడ్డు. అక్కడ ఇసుకలో దొరికే ఎర్రటి రవ్వలు కెంపులు కావు, గార్నెట్లు. పిల్లలకి ఆ సంగతి చెప్పనవసరం లేదు, ఒక గంట హాయిగా వెతుక్కుంటారు.

4. సెయింట్ మోనన్స్, పిటెన్‌వీమ్: నడిచి చూడాల్సినవి

ఈలీ నుంచి సెయింట్ మోనన్స్ సుమారు నాలుగు కిలోమీటర్లు, అక్కడి నుంచి పిటెన్‌వీమ్ ఇంకో రెండున్నర. బస్సులో వెళ్తే దారిలోవన్నీ పోతాయి. ఓపిక ఉన్న మేరకు నడవండి.

సెయింట్ మోనన్స్‌లో 14వ శతాబ్దపు చర్చి అలలకి అడుగుల దూరంలో ఉంటుంది. ఊరు దాటగానే ఒంటరి గాలిమర. పిండి మర అనుకుంటారు, కాదు. 18వ శతాబ్దం చివర్లో ఉప్పు తయారీకి సముద్రపు నీటిని పైకి తోడటానికి వాడిన మర అది. కింద గడ్డిలో గుంటలుగా కనిపించేవి ఉప్పు కాచిన ఇళ్ల పునాదులు. మన నౌపడలో ఉప్పుని ఎండే పండిస్తుంది. ఇక్కడ ఆ ఎండ లేదు కాబట్టి ఇనుప పెనాల్లో నీళ్లు పోసి, దగ్గరి గనుల బొగ్గు వేసి రాత్రింబవళ్లు మరిగించేవాళ్లు. మావయ్య ఆ గుంటల దగ్గర చాలాసేపు నిలబడి, "ఉప్పుకి కూడా పొయ్యి కావాల్సిన ఊరు" అన్నారు.

పిటెన్‌వీమ్ చేపలవాళ్ల ఊరే ఇంకా. పీతలు, లాబ్‌స్టర్లు, పెద్ద రొయ్యలు పట్టే పడవలు రేవులో ఉంటాయి. పై వీధి నుంచి రేవుకి దిగే ఇరుకు సందుల్ని వైండ్ అంటారు. ఇళ్ల కప్పుల మీద ఎర్ర పెంకులు చూస్తే కోనసీమ గుర్తొస్తుంది. ఇక్కడివి పూర్వం హాలండ్ వైపు సరుకు తీసుకెళ్లిన ఓడలు, తిరిగి వచ్చేటప్పుడు బరువు కోసం వేసుకొచ్చిన పెంకులని చెప్తారు.

5. ఆన్‌స్ట్రథర్‌లో భోజనం

ఊళ్లోవాళ్లు దీన్ని "ఐన్‌స్టర్" అంటారు. బస్సులో ఎలా పలికినా అర్థమవుతుంది.

పోటు తగ్గిన వేళ వస్తే రేవులో నీళ్లుండవు. పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకుని ఉంటాయి. చేప తిని, కాస్త తిరిగి వచ్చేసరికి అవే పడవలు నిటారుగా లేచి ఊగుతుంటాయి. ఆటుపోటు అంటే ఏమిటో పిల్లలకి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఫిష్ అంటే హాడక్, చిప్స్‌తో కలిపి "ఫిష్ సప్పర్" అంటారు. "సాల్ట్ అండ్ సాస్?" అని అడిగితే ఒకసారి సరే అనండి, పుల్లటి గోధుమరంగు సాస్ పోస్తారు. నా మటుకు నాకు అది నచ్చదు, జేబులో కారం పొట్లం ఉంటుంది. శాకాహారులు ఒకటి అడిగి తీరాలి: కొన్ని దుకాణాల్లో చిప్స్ కూడా గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అడిగితే దాచకుండా చెప్తారు. బయట కూర్చుని తినేటప్పుడు పొట్లం మీద చేయి ఉంచండి, ఇక్కడి సీగల్స్ ముందు మన కాకులు చాలా మర్యాదస్తులు.

వాన వస్తే స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియంలోకి వెళ్లిపోండి. రేవు ఎదురుగానే, 1969 నుంచి ఉంది. హెర్రింగ్ చేపలు పట్టిన తెరచాప పడవ "రీపర్" వీళ్లదే, 1902లో కట్టింది.

6. ఐల్ ఆఫ్ మే: దానికి వేరే రోజు పెట్టుకోండి

చాలామంది ఈ దీవిని కూడా అదే రోజులో ఇరికించాలని చూస్తారు. వద్దు. తీరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరం, రానూపోనూ దీవిలో తిరగడంతో కలిపి నాలుగైదు గంటలు పడుతుంది. పైగా ఆన్‌స్ట్రథర్ రేవులో నీళ్లుంటేనే పడవ కదులుతుంది కాబట్టి బయల్దేరే సమయం రోజుకో రకంగా ఉంటుంది. గాలి ఎక్కువైతే రద్దు. ముందుగా టికెట్ తీసుకోండి, ఆ రోజు పొద్దున్న మళ్లీ కనుక్కోండి.

దీవి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా తెరిచి ఉంటుంది, కానీ పఫిన్ పక్షుల కోసమైతే జూలై దాటకుండా వెళ్లాలి. పదుల వేల జంటలు నేలలో బొరియలు చేసుకుని ఉంటాయి. దారి దాటి ఒక్క అడుగు వేసినా కాలి కింద గూడు కూలొచ్చు. ఆర్కిటిక్ టెర్న్‌లనే తెల్లపిట్టలు గూడు దగ్గరికి వస్తే నెత్తి మీద పొడుస్తాయి, రక్తం కూడా వస్తుంది. టోపీ పెట్టుకోండి. దుకాణం లేదు, నీళ్లు, తిండి వెంట ఉండాలి, పులిహోర డబ్బా దీనికి భేషైనది. స్కాట్లాండ్‌లో మొట్టమొదటి దీపస్తంభం 1636లో ఇక్కడే, బొగ్గు మంటతో వెలిగింది. దాని కింది భాగం ఇంకా ఉంది. ఇప్పుడు కోటలా కనిపించేది 1816లో రాబర్ట్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు కట్టింది.

7. సాయంత్రం సెయింట్ ఆండ్రూస్

క్రెయిల్ రేవు ఫొటోకి ఒక అరగంట చాలు. తర్వాత బస్సులో సెయింట్ ఆండ్రూస్. కోట సాయంత్రం తొందరగా మూసేస్తారు, కాబట్టి ముందు అదే. 1546లో కార్డినల్ బీటన్ అనే కాథలిక్ మతాధికారిని చంపి కోట పట్టుకున్నవాళ్ల మీదకి బయటి సైన్యం భూమి కింద సొరంగం తవ్వింది. లోపలివాళ్లు ఆ తవ్వే చప్పుడు వింటూ, అటు తవ్వాలో ఇటు తవ్వాలో తెలియక రెండు మూడు తప్పుడు గుంతలు తవ్వి, చివరికి ఎదురు సొరంగంతో దాన్ని పట్టుకున్నారు. ఆ రెండు సొరంగాలు కలిసిన చోటుకి మనం వంగి, నడుము పట్టుకుని వెళ్లొచ్చు.

కథీడ్రల్ శిథిలాల్లో ఉచితంగా తిరగొచ్చు. ఆదివారమైతే ఓల్డ్ కోర్స్ అనే పేరున్న గోల్ఫ్ మైదానంలో ఆట ఉండదు, మామూలు జనం అందులోని స్విల్కన్ అనే చిన్న రాతి వంతెన దాకా నడిచి వెళ్లొచ్చు.

సౌత్ స్ట్రీట్‌లో "మద్రాస్ కాలేజ్" పాత భవనం ముందు మన పెద్దవాళ్లు తప్పకుండా ఆగుతారు. ఇది 1833 నాటి బడి. డబ్బిచ్చిన ఆండ్రూ బెల్ ఈ ఊళ్లోనే పుట్టి, మద్రాసు వెళ్లి ఎగ్మోర్‌లో అనాథ బాలుర ఆశ్రమం నడిపాడు. అక్కడ వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి నేర్పడం చూసి ఆ పద్ధతిని ఇంగ్లాండుకి పట్టుకెళ్లాడు. ఊరి చివర వెస్ట్ సాండ్స్ ఒడ్డున రెండు మైళ్ల ఇసుక ఉంది. ఆటు వేళ అది పలకలా గట్టిగా, తడిగా ఉంటుంది. మావయ్య అక్కడ చెప్పులు విడిచి బొటనవేలితో పెద్ద "అ" రాశారు.

తిరుగు ప్రయాణానికి 99 నంబరు బస్సులో లూకర్స్ స్టేషన్, అక్కడి నుంచి ఎడిన్‌బరోకి రైలు గంట. జూన్ నెలాఖరులో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది, సాయంత్రం ఆరే అనుకుని కూర్చుంటారు. ఆఖరి రైలు ఎన్నింటికో పొద్దున్నే రాసి పెట్టుకోండి.