మామిడి సాస్ ట్రయల్ బ్యాచ్‌కు ముందు జాగ్రత్తలు

చిత్తూరు తోతాపురి గుజ్జుతో కొత్త సాస్ వంటగదిలో కుదిరిందా? ఫ్యాక్టరీ కెటిల్‌లో వేసే ముందు ఇవి చూసుకోండి.

• కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయలు నిషిద్ధం. సరఫరాదారు రికార్డు అడగండి.

• పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె) మీటరును 4, 7 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచూడండి. పీహెచ్ 4.6 దాటితే, గాలి చొరని సీసాలో బొట్యులిజం విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. అది ప్రాణాంతకం. నాలుకను నమ్మకండి, చక్కెర పులుపును కప్పేస్తుంది. ఎంత తొందరున్నా ఈ పరీక్ష మానకండి.

• 2 కిలోల గిన్నెలో వచ్చిన చిక్కదనం 200 కిలోల కెటిల్‌లో అదే సమయానికి రాదు. గడియారం కన్నా బ్రిక్స్ (కరిగిన చక్కెర శాతం) కొలతే ముఖ్యం. అడుగంటుతుందేమో దగ్గరే నిలబడి చూడండి.

• అదే లైనులో అంతకుముందు వేరుశనగ నడిచిందా? పూర్తిగా కడిగించండి. అలర్జీ ఉన్నవారికి కొద్దిపాటి పొడి కూడా ప్రమాదమే.

• తూకాలన్నీ గ్రాముల్లో రాయండి, ‘చిటికెడు’ వద్దు.

• ఉంగరాలు, గాజులు తీసేయండి.