సాధనలో కొట్టేవారు, మ్యాచ్‌లో తడబడేవారు

డల్లాస్ శివారులో మా అబ్బాయి ఆడే పిల్లల బేస్‌బాల్ జట్టుకు సాధనలో బంతులు విసిరేది నేనే. అక్కడ ప్రతి బంతినీ బాదే పిల్లలు మ్యాచ్‌లో ఆలస్యంగా బ్యాట్ తిప్పి అవుటయ్యేవారు. తల వంచుకుని వస్తుంటే మనసు కలుక్కుమనేది.

లోపం నా విసురులోనే ఉంది. 46 అడుగుల నుంచి మెల్లగా, పైకి లేచి దిగే బంతులు వేసేవాణ్ని, అన్నీ నడిమధ్యకే. మ్యాచ్‌లో అదే దూరం నుంచి పిచ్చర్, అంటే బంతి విసిరే ఆటగాడు, గంటకు 50 మైళ్ల వేగంతో వేస్తే బంతి సుమారు 0.63 సెకన్లలో చేరుతుంది. ఆ వేగం నా భుజానికి నిలకడగా రాదు. అందుకే ఎల్ ఆకారపు వలతెర వెనుక నిలబడి 30 అడుగులకు జరిగాను. అక్కడి నుంచి 33 మైళ్లు చాలు, పిల్లవాడికి దొరికే సమయం దాదాపు అంతే. విసిరిన మరుక్షణం తల, చెయ్యి తెర చాటుకు రావాలి. ఇందులో ఏమరుపాటు పనికిరాదు.

ఆపైన ప్రతి విడతకూ ఒక సందర్భం చెప్పసాగాను. “రెండో బేస్‌లో రన్నర్, ఎవరూ అవుట్ కాలేదు” అంటే కుడివైపు కొట్టి, రెండో మజిలీలో ఉన్న మన జట్టు ఆటగాణ్ని మూడో బేస్‌కు పంపాలి. మధ్యలో చెప్పకుండా అదే చేతి ఊపుతో నెమ్మది బంతి, అప్పుడప్పుడు స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టదగ్గ పరిధి) బయటి బంతి. దాన్ని వదిలేసినా శభాష్ అంటాను. ఒక్కొక్కరికి విడతకు ఎనిమిది బంతులే. అలసిన చేతులు తప్పుడు ఊపును నేర్చుకుంటాయి.

మూడో వారం మ్యాచ్‌లో ఒక పిల్లవాడు రెండు స్ట్రైకుల (మూడోది పడితే అవుటే) తరువాత కుడివైపుకు నేలబారుగా కొట్టాడు. తాను అవుటయ్యాడు, రన్నర్ మూడో బేస్ చేరాడు. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నేనే.