ఏటవాలు నేలలో మేపుల్ సాప్: ధార ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

అమెరికాలోని వెర్మాంట్‌లో మార్చి మొదటి మంగళవారం టౌన్ మీటింగ్ రోజు. ఆనాటికి మేపుల్ చెట్ల మానుకు తూట్లు వేసి, కారే తియ్యటి నీరు (సాప్) పట్టడం పాత ఆనవాయితీ. కొండవాలులో పదో ఇరవయ్యో చెట్లు పెట్టుకుని ఇంటిమట్టుకు ఆ సాప్‌ను చిక్కటి సిరప్‌గా కాచుకునేవాళ్ళకు అక్కడినుంచి కొన్ని వారాలే గడువు. ఆలోగా ధార ఆగితే కారణం త్వరగా పట్టుకోవాలి. వాలు నేలలో చాలా తిప్పలు సాప్‌ను మనిషి మోయడంవల్లే వస్తాయి. అందుకే కింద, సాప్‌ను చెట్లనుంచి ట్యాంకుకు దింపే ట్యూబ్ గురించి ఎక్కువగా రాశాం.

తూటు వేశాక చుక్క కూడా పడలేదు

ముందు చలి లెక్క చూడండి. రాత్రి సున్నా డిగ్రీల కిందికి దిగి, పగలు నాలుగైదు డిగ్రీలు దాటితేనే ధార. రాత్రిళ్ళు గడ్డకట్టకుండా వరసగా వెచ్చగా ఉంటే చెట్టు ఒకటి రెండు రోజులు కారి ఊరుకుంటుంది. మళ్ళీ ఒక గట్టి చలిరాత్రి పడాలి. దక్షిణం వైపు వాలు ముందు వెచ్చబడుతుంది, ఉత్తరం వైపుది వెనకబడుతుంది. ఒకే కొండకు ఒక పక్క కారుతూ, రెండో పక్క ఎండినట్టుంటే కంగారు పడొద్దు.

చలి లెక్క సరిపోయినా రావడం లేదంటే డ్రిల్లు పొట్టు రంగు గుర్తుచేసుకోండి. మీగడ రంగుంటే మంచి కలప. గోధుమరంగుంటే, పాత గాయం చుట్టూ చెట్టు తానే మూసేసుకున్న కలపలోకి దిగారన్నమాట. ఆ మరక పాత తూటుకు పైకీ కిందికీ పొడుగ్గా పాకి ఉంటుంది, అక్కడ సాప్ ఉండదు. అందుకని కొత్త తూటు పాతదానికి కనీసం 6 అంగుళాలు పక్కకు జరగాలి, దాని నిలువు వరసలో పడకూడదు.

బిట్ 5/16 అంగుళం. కలపలోకి అంగుళంన్నర లోతు చాలు, బెరడు మందం దానికి అదనం. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. లోపలికి వెళ్ళేకొద్దీ తూటు కొద్దిగా పైకి వాలి ఉంటే నీళ్ళు నిలవవు. వాలుకు ఎగువవైపు నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత తీయండి. 38 అంగుళాలు, అంటే సుమారు 12 అంగుళాల వ్యాసం, ఉంటే ఒక తూటు. 31 కన్నా తక్కువుంటే ఆ చెట్టును వదిలేయండి.

కొన్ని వారాలు బాగా కారి తర్వాత సన్నగిల్లితే కారణం వేరు. తూటు లోపల సూక్ష్మజీవులు పెరిగి, కలప నాళాలు మూసుకుపోతాయి. కల్లుగీతలో గెలను రోజూ కొత్తగా చెక్కినట్టు ఇక్కడ తూటును మళ్ళీ తొలవకూడదు. చెట్టుకు గాయం పెద్దదవుతుంది. మానడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది.

స్పౌట్ (తూటులో బిగించే చిన్న గొట్టం) పక్కనుంచి బెరడు మీదికి కారుతోంది

రెండు కారణాలు. స్పౌట్‌ను సుత్తితో గట్టిగా బాది ఉంటారు, కలప నిలువునా చీలి ఉంటుంది. లేదా కాలు జారుతూ డ్రిల్లు ఊగడంతో తూటు కోలగా అయి ఉంటుంది. వాలులో రెండోదే ఎక్కువ.

మళ్ళీ బాదితే చీలిక పెరుగుతుంది. ఆ తూటును ఈ ఏటికి అలాగే వాడుకోండి, చిన్న చెట్టుకు రెండోది వేయకండి. వచ్చే ఏడు మానుకు ఎగువవైపు నిలబడి, మంచును రెండు కాళ్ళతో తొక్కి చదునైన మెట్టు చేసుకుని అప్పుడు డ్రిల్లు పట్టండి. చెక్క గట్టిగా గడ్డకట్టిన రోజున వేయొద్దు. తేలికపాటి సుత్తితో తట్టండి, చప్పుడు మొద్దుగా మారగానే ఆపేయండి.

బకెట్ అందడం లేదు, మోస్తే ఒలుకుతోంది

మూడడుగుల మంచు మీద నిలబడి తూటు వేస్తే, మంచు కరిగాక బకెట్ తల ఎత్తుకు పోతుంది. దిగువవైపు కట్టినవి మరీను. 5 గ్యాలన్ల బకెట్ నిండితే దాదాపు 19 కిలోలు. పొద్దున గట్టిపడిన మంచుపొర మీద అంత బరువుతో నేరుగా కిందికి దిగడం ప్రమాదం.

బూట్లకు ఇనుపముళ్ళ పట్టీలు తొడగండి, చెట్టుకూ చెట్టుకూ మధ్య చేతిపట్టుకు తాడు కట్టండి, అడ్డంగా మెలికలు తిరుగుతూ దిగండి. బకెట్ సగానికి మించి నింపొద్దు, మూత ఉన్నదే వాడండి. పైన తేలే మంచుగడ్డలో చక్కెర చాలా తక్కువ, దాన్ని తీసి పారేస్తే బరువూ తగ్గుతుంది, కాచే పనీ తగ్గుతుంది. 2 శాతం చక్కెర ఉన్న సాప్ 43 గ్యాలన్లు కాస్తే ఒక గ్యాలన్ సిరప్, కాబట్టి ఏ చెట్టు బకెటూ మీకు తేలిక కాదు.

ట్యూబ్ వేశాం, వాలు బోలెడంత ఉంది, అయినా సాప్ రావడం లేదు

వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రంలో టిమ్ విల్మాట్ పరీక్షించి చూపిన పద్ధతి ఇది. 3/16 అంగుళం సన్నటి ట్యూబ్‌లో సాప్ తెగకుండా నిండుగా దిగుతుంది. ఆ నీటి బరువే పైన వాక్యూమ్ (చెట్టునుంచి సాప్‌ను లాగే పీల్పు) పుట్టిస్తుంది, పంపు అక్కర్లేదు. నిలువున ఒక్కో అడుగు దిగుడుకు దాదాపు 0.88 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే లెక్క ఇది). 30 అడుగులు దిగితే లెక్కప్రకారం 26 అంగుళాలు. చెట్లనుంచి వచ్చే వాయువు బుడగల వల్ల అసలు రీడింగ్ కొంచెం తక్కువుంటుంది. వాక్యూమ్ కొలిచే గేజ్‌ను లైను పై కొసన పెట్టండి.

గేజ్ తక్కువ చూపిస్తూ, బుడగలు వరసగా పరుగెడుతుంటే ఎక్కడో గాలి దూరుతోంది. దిగువనుంచి మొదలుపెట్టి ఒక్కో టీ జాయింటు (T ఆకారపు అతుకు) దగ్గర ఆగండి. బుడగలు పైలైనులోంచి వస్తే ఇంకా పైకి ఎక్కండి, డ్రాప్ లైనులోంచి (స్పౌట్‌నుంచి టీ దాకా దిగే చిన్న ట్యూబ్) వస్తే దోషం ఆ చెట్టు దగ్గరే: వదులైన స్పౌట్, లేదా ఉడత కొరికిన గాటు. కొరికిన ముక్క కోసేసి జాయింటు వేయండి. మెల్లగా కదిలే చిన్న బుడగలు మామూలే.

గేజ్ తక్కువే, కానీ బుడగలు లేవు, పైభాగంలో సాప్ కదలకుండా నిలబడి ఉంది. ఇది మూసుకుపోవడం. టీ లోపలి దారి ఇరుకు కాబట్టి డ్రిల్లు పొట్టో, కిందటేడు పెరిగిన జిగురో అక్కడే ఇరుక్కుంటుంది. కొత్త లైను మొదటి ఏడు అద్భుతంగా పనిచేసి రెండో ఏడు నీరసించడానికి ఈ జిగురే కారణం. టీ మార్చండి. సీజన్ అయ్యాక స్పౌట్లన్నీ పీకిన తర్వాతే లైనును కాల్షియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడగండి. ఇంట్లో వాడే బ్లీచ్‌లో సోడియం ఉంటుంది, ఆ ఉప్పదనానికి ఉడతలు ట్యూబ్ కొరకడానికి వస్తాయి. స్పౌట్లు మాత్రం ఏటా కొత్తవే కొనండి.

కొన్నిసార్లు తప్పు లైను గీసిన తీరులో ఉంటుంది. వాక్యూమ్ అందేది, తన కింద దిగుడు ఉన్న చెట్టుకే. చివరి చెట్టు పక్కనే ట్యాంకు పెడితే దానికి ఏమీ దక్కదు. ట్యాంకును వీలైనంత కిందికి జరపండి, ఒక లైనుకు 25 తూట్లు మించనివ్వకండి. మంచులో కూరుకుపోయిన ట్యూబ్ మధ్యాహ్నానికి కూడా కరగదు, బిగువుగా లాగి పైకి కట్టండి. ట్యూబ్ కొస ట్యాంకులోని సాప్‌లో మునగకూడదు: రాత్రి గడ్డకట్టేటప్పుడు చెట్టు వెనక్కి పీల్చుకుంటుంది.

ట్యాంకు ఒరిగింది

55 గ్యాలన్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు దాటుతుంది. మంచు మీద నిలబెడితే కింద కరిగి జారుతుంది. నేల కనపడేదాకా తవ్వి, పలకలు పరిచి సమం చేయండి, ఎగువనున్న లావు మానుకు పట్టీతో కట్టండి. ఆహారానికి పనికొచ్చే డ్రమ్మే వాడాలి.

సాప్ తెల్లగా మబ్బుపట్టింది, వాసన మారింది

ఎండ తగిలితే సాప్ పాలలాగే పాడవుతుంది. డ్రమ్ము నీడలో ఉంచి చుట్టూ మంచు ఎత్తండి, 4 డిగ్రీల లోపు నిలిపి రెండు మూడు రోజుల్లో కాచేయండి. చల్లగా ఉంచినా కాచేటప్పుడు వికారపు వాసన వస్తుంటే కొమ్మల చివర చూడండి. మొగ్గలు ఉబ్బి ఉంటే సీజన్ ముగిసింది, ఎంత వడగట్టినా ఆ రుచి పోదు. అదే రోజు స్పౌట్లన్నీ పీకేయండి. తూట్లకు బిరడాలు కొట్టొద్దు, చెట్టు తానే మూసుకుంటుంది.