మంచు పడకముందే కారుకు వ్యాక్స్: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని మిషిగన్ లాంటి చోట్ల మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు చలికాలమంతా కారును వదలవు. అందుకే అక్టోబరులోనే ఈ పని చూసుకోండి. 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక చాలా రకాల వ్యాక్స్ సరిగా పట్టవు.

డబ్బా కొనేముందు లేబుల్ చదవండి. కార్నూబా (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) మెరుపు చూడముచ్చటగా ఉంటుంది గానీ, కొన్ని వారాలకే పోతుంది. చలికాలం గట్టెక్కాలంటే సింథటిక్ సీలెంటే (మైనం బదులు రసాయనాలతో చేసిన రక్షణ పూత) కొనమంటాను.

అన్నిటికంటే ముఖ్యం ఇది. కారు కడిగి ఆరబెట్టాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్‌ను మెల్లగా నిమరండి. గరగరలాడిందంటే ఇనుప రజను, తారు చుక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. క్లే బార్‌తో (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) వాటిని తీయకుండా పూస్తే వ్యాక్స్ పెయింట్‌ను కాకుండా ఆ మురికిని పట్టుకుంటుంది, త్వరగా ఊడిపోతుంది.

□ కారు నీడలో ఉందా? బానెట్ చేతికి చల్లగా తగలాలి.

□ మ్యాట్ (మెరుపు లేని) పెయింటా? మామూలు వ్యాక్స్ వద్దే వద్దు.

□ నల్ల ప్లాస్టిక్ అంచులకు టేప్ వేశారా? తెల్ల మరకలు పడితే ఒక పట్టాన పోవు.

□ గుడ్డ కింద పడిందా? పక్కన పెట్టేయండి. గీతలు పడటానికి ఒక్క ఇసుక రేణువు చాలు.